పాతబస్తీకి బద్నాం, సికింద్రాబాద్‌కు మంచిపేరు

చార్మినార్ చుట్టుపక్కల మే 18 రెండుసార్లు విషాదం మిగిల్చింది. 2007లో ఆ రోజు శుక్రవారం. మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలి 9 మంది చనిపోయారు, ఆ తర్వాతి గొడవలో పోలీసు కాల్పులకు మరో 5 మంది బలయ్యారు. 2025లో ఆదివారం. తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో గుల్జార్ హౌజ్ దగ్గర, ముత్యాల దుకాణాల పైనున్న ఇంట్లో మంటలు లేచాయి. ఒకే కుటుంబం, వాళ్ల బంధువులు కలిపి 17 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలు. ఈ రెండు చోట్ల మధ్య దూరం నడిస్తే ఐదారు నిమిషాలు.

చావుల లెక్క చూస్తే రెండోదే పెద్దది. కానీ పాతబస్తీలో ఇల్లు కిరాయికి తీసుకుంటానని పిల్లవాడు అంటే ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడేది మొదటిదాన్ని తలచుకునే. గల్లీలో గొడవలవుతాయేమో అని అడుగుతారు. ఆ ఇంటికి ఎన్ని మెట్ల దారులున్నాయని అడిగేవాళ్లు కనబడరు. హైదరాబాద్ నడిబొడ్డున ఏ పేట సురక్షితం, ఏది కాదు అనే చర్చ మొత్తం ఈ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆ ప్రశ్నకు ఆధారం మాత్రం ముప్పై నలభై ఏళ్ల కిందటిది.

మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీ వెనకబడటం మతకలహాలతో మొదలు కాలేదు. 1908 సెప్టెంబర్ 28 నాటి వరద నదికి రెండు వైపులా వేల ప్రాణాలు తీసింది. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో కాకుండా నదికి ఉత్తరాన కింగ్ కోఠీలో కాపురం పెట్టాడు. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు కూలగొట్టి రోడ్లు వేసింది. రాజు, కొలువు, కచేరీలు ఉత్తరానికి కదిలితే డబ్బున్నవాళ్లు వాళ్ల వెంట కదిలారు. దేవిడీలు, అంటే నవాబుల పెద్ద భవనాలు, వారసుల మధ్య ముక్కలై, ముందువైపు మల్గీలుగా (దుకాణం గదులుగా), వెనుక కిరాయి వాటాలుగా మారాయి. ఇవాళ పత్తర్‌గట్టి, చార్ కమాన్ చుట్టూ కనిపించే ఇరుకుతనం చాలావరకు అలా పుట్టిందే.

ఆ పైన కర్ఫ్యూలు వచ్చి పడ్డాయి. 1978లో పోలీసు కస్టడీలో ఒక మహిళపై అత్యాచారం జరిగి, ఆమె భర్త దెబ్బలకు చనిపోయిన ఉదంతం నగరాన్ని మండించింది. అది జరిగింది నల్లకుంట ఠాణాలో, అంటే నదికి ఉత్తరాన. నల్లకుంటకు ఆ మచ్చ అంటలేదు. ఆ తర్వాత దశాబ్దం పైగా పండగ వస్తే పాతబస్తీ బిక్కుబిక్కుమంటూ గడిపింది. 1990 డిసెంబర్ అల్లర్లలో వందకు పైగా జనం చనిపోయారు. కర్ఫ్యూలో పాలు, మందులు దొరక్క ఇబ్బంది పడ్డ కుటుంబాలు ఒక్కొక్కటిగా ఇళ్లు అమ్ముకున్నాయి. హిందువులు కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు, ముస్లింలలో స్తోమత ఉన్నవాళ్లు మెహదీపట్నం, టోలీచౌకీ వైపు తరలిపోయారు. ఇరుగుపొరుగు కలిసి బతికిన గల్లీలు ఒక మతం గల్లీలయ్యాయి. వెళ్లిపోయినవాళ్లు వెళ్తూ చెప్పిన కథే బయటి ఊరికి పాతబస్తీ పరిచయమైంది. వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే వాళ్లు చూసిన ఆఖరి రోజు దగ్గరే ఆ కథ ఆగిపోయింది.

2010 మార్చి చివర్లో మరోసారి అల్లర్లు, కర్ఫ్యూ వచ్చాయి. 2014 మేలో కిషన్‌బాగ్ చుట్టుపక్కల విధించినది తప్పిస్తే, ఆ తర్వాత పాతబస్తీ ఆ స్థాయి మతకలహ కర్ఫ్యూ చూడలేదు. అక్కడ పదో తరగతి చదివే పిల్లలకు లాక్‌డౌన్ గుర్తుంటుంది గానీ కర్ఫ్యూ పాస్ అంటే ఏమిటో తెలియదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు ఆరి ఏళ్లు గడిచినా పొగ మాత్రం ఇంకా కళ్లలో పడుతూనే ఉంది.

ఆ పొగకు ఖరీదు ఉంది. రాత్రి పదకొండు దాటాక నాంపల్లి స్టేషన్ బయట ఆటో ఎక్కబోయి “శాలిబండ” అని చూడండి. మీటరు సంగతి అటుంచితే, సగం మంది తల అడ్డంగా ఊపుతారు. యాప్‌లో బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి “డ్రాప్ ఎక్కడ సార్” అని అడిగి, జవాబు విని కట్ చేస్తాడు. అప్పులిచ్చే సంస్థలు కొన్ని పిన్‌కోడ్‌లను ‘నెగెటివ్ ఏరియా’ కింద లెక్కగట్టి దరఖాస్తు పక్కన పెడతాయన్న ఫిర్యాదు పాతబస్తీలో ఎప్పటినుంచో ఉంది. జీతం స్లిప్పు ఉన్న మనిషికి కూడా అడ్రస్ అడ్డమొస్తుంది. అందుకే అక్కడి కుర్రాళ్లు కొందరు ఉద్యోగ దరఖాస్తులో మెహదీపట్నంలో ఉండే మేనమామ చిరునామా రాస్తారు.

దీన్ని దిల్‌సుఖ్‌నగర్‌తో పోల్చి చూడాలి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ జంట పేలుళ్లు జరిగాయి. అంతకుముందు 2007 ఆగస్టు 25న కోఠీలో, లుంబినీ పార్కులో జరిగిన పేలుళ్లలో 40 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు ఖాళీగా ఉన్నాయా? నల్గొండ, మహబూబ్‌నగర్ పిల్లలు కోచింగుల కోసం దిగేది ఇప్పటికీ అక్కడే. కోఠీలో పుస్తకాల బేరం ఆగలేదు. ఒక చోట బాంబు పేలితే ఆ చోటు బాధిత ప్రాంతం, ఇంకోచోట పేలితే అనుమానిత ప్రాంతం అయింది. రెండు చోట్లా పేలింది బాంబే. తేడా అంతా ముందే ఉన్న పేరులో ఉంది.

పేరు సంగతి వదిలేసి అంకెలు చూద్దామంటే అక్కడ వేరే చిక్కు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా 20 లక్షల జనాభా దాటిన నగరాల లెక్కలు విడిగా ఇస్తుంది. అందులో హైదరాబాద్ ఒకే వరుస. పాతబస్తీలోని మొఘల్‌పురాకు, సికింద్రాబాద్‌లోని మారేడ్‌పల్లికి తేడా ఏమిటో దాన్నుంచి తెలియదు. ఠాణాల వారీ కేసులు తీసుకున్నా జాగ్రత్తగా చదవాలి. చార్మినార్ దగ్గర పర్సు పోతే కేసు అక్కడి ఠాణాలో పడుతుంది. పోగొట్టుకున్నది కరీంనగర్ నుంచి వచ్చిన పెళ్లివారు కావచ్చు. పగలంతా వచ్చిపోయే జనాన్ని వదిలేసి, అక్కడ నివాసముండే కొద్దిమంది తలలతో ఆ దొంగతనాలను భాగిస్తే ఆ పేట దొంగల రాజ్యంలా కనిపిస్తుంది. కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారుజామున గల్లీని చుట్టుముట్టి కాగితాల్లేని బండ్లు పట్టుకుంటే అవన్నీ లెక్కలోకి ఎక్కుతాయి. అలాంటి సోదా జూబ్లీహిల్స్ గేటెడ్ కమ్యూనిటీలో ఎవరూ చేయరు కాబట్టి అక్కడ కాగితాల్లేని బండి ఉండదు, లెక్క ప్రకారం. ఇంకోవైపు, ఠాణా గడప తొక్కడం ఇష్టంలేని బస్తీల్లో చాలా తగాదాలు పెద్దమనుషుల మధ్యే తేలిపోతాయి. కేసులు ఎక్కువుంటే నేరం ఎక్కువనీ, తక్కువుంటే తక్కువనీ అనుకోవడానికి లేదు.

అలాగని పాతబస్తీలో అంతా చల్లగా ఉందనడమూ అబద్ధమే. పాత కక్షలు, భూమి తగాదాలు, వడ్డీ బాకీల మీద నడిరోడ్డు మీద కత్తిపోట్లు జరుగుతాయి, ఆ వీడియోలు గంటలో రాష్ట్రమంతా తిరుగుతాయి. వాటిలో బలయ్యేది చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్లే. దారిన పోయేవాడికి ప్రమాదం అనుకున్నంత ఉండదు. అసలు భయపడాల్సినవాళ్లు అక్కడ పుట్టిన ఆడపిల్లలు. మైనర్ బాలికలను గల్ఫ్ నుంచి వచ్చిన ముసలి షేక్‌లకు కట్టబెట్టే దందా 1991లో విమానంలో ఒక పిల్ల ఏడుస్తూ కనిపించడంతో దేశమంతా తెలిసింది. 2017లో కూడా అలాంటి షేక్‌లను, వాళ్లకు సాయపడ్డ ఖాజీలను పోలీసులు అరెస్టు చేశారు. ఇది రాత్రిపూట రోడ్డు మీద తిరిగే ప్రమాదం కాదు, పగలు ఇంట్లోకి బ్రోకర్‌ను వెంటబెట్టుకుని వచ్చేది. సురక్షితమా అని అడిగితే ఎవరికి అని తిరిగి అడగక తప్పదు.

ఆడవాళ్ల భద్రత విషయంలో నగరాన్ని కుదిపేసిన రెండు ఘటనలు గుర్తు చేసుకుంటే పోలిక తలకిందులవుతుంది. 2013 అక్టోబర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని క్యాబ్‌లో ఎత్తుకుపోయింది ఐటీ కారిడార్ నుంచి. మరుసటి ఏడాది అక్టోబర్ 24న ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, మొదలయ్యాయి. 2019 నవంబర్ 27న పశువైద్యురాలి మీద ఘాతుకం జరిగింది శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు టోల్ ప్లాజా పక్కన. రెండూ కొత్త ఊరి అంచులే, వెడల్పాటి రోడ్లే. ఆ రోడ్ల మీద లేనిది మనుషులు. రంజాన్ నెలలో అర్ధరాత్రి దాటాక లాడ్ బజార్‌లో నిలబడితే తేడా కళ్లకు కడుతుంది. చంటిపిల్లను చంకనేసుకుని గాజుల బేరమాడే ఆడవాళ్లు, పక్కన స్టూలు మీద కునికే ముసలి దుకాణదారు, హలీం కుండ దగ్గర గుంపు. అంతమంది చూపుల మధ్య ఎవరైనా చేయి వేయడానికి జంకుతాడు. రద్దీలో పోకిరి చేష్టలు ఉండవని కాదు. కానీ కేక వేస్తే వినబడేంత దూరంలో మనిషి ఉంటాడు.

ఇప్పుడు సికింద్రాబాద్. 1806లో కంటోన్మెంట్‌గా పుట్టిన ఊరు. తిన్నని వీధులు, చర్చిలు, పార్సీల ఇళ్లు, తమిళ మొదలియార్ల దుకాణాలు, ఇరానీ హోటళ్లు. పెన్షన్ తీసుకునే పెద్దలకు, రైల్వే కుటుంబాలకు ఇది ప్రశాంతమైన చోటు అని పేరు. ఆ పేరు పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ 2022 మార్చి నుంచి 2023 నవంబర్ దాకా, ఇరవై నెలల్లో జరిగినవి చూడండి. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడ తుక్కు గోదాములో మంట లేచింది. పైన పడుకున్న బిహార్ కూలీలు 12 మంది. దిగడానికి ఉన్నది ఒకే సన్నని గుండ్రటి మెట్ల దారి, అది మంటలోకే దిగుతుంది. ఒకడు దూకి బతికాడు, 11 మంది కాలిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర ఒక హోటల్ కింద నడుస్తున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంట, పై గదుల్లో దిగిన 8 మంది మృతి. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక 6 మంది యువ ఉద్యోగులు. ఇక నవంబర్ 13న, సికింద్రాబాద్ కాకపోయినా నగరం నడిబొడ్డైన నాంపల్లి బజార్‌ఘాట్‌లో, అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన రసాయన డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది. కూడితే 34 ప్రాణాలు. వీటిలో ఒక్కటీ పాతబస్తీలో కాదు. మంటల మాట పక్కన పెట్టినా, 2023 ఏప్రిల్ 29న వానలో పాల ప్యాకెట్ కోసం వెళ్లిన చిన్నారి తెరిచిన నాలాలో పడి చనిపోయింది సికింద్రాబాద్ కళాసిగూడలో.

ఈ మంటల్లో ప్రాణాలు తీసిన పద్ధతి చాలావరకు ఒకటే. కింద సరుకు, పైన మనుషులు, మధ్యలో ఒకటే మెట్ల దారి. పాత కట్టడాల్లో కరెంటు మీటర్లన్నీ మెట్ల కింద గోడకే బిగించి ఉంటాయి. ఒక కుటుంబం కోసం వేసిన తీగ మీద ఇప్పుడు నాలుగు వాటాలు, ప్రతి వాటాకు ఏసీ. అంటుకునేది అక్కడే. వేడి పొగ పైకే పోతుంది కాబట్టి మెట్ల గది పొగగొట్టమవుతుంది. జనం దిగబోయేది ఆ దారిలోకే. మంట ఒంటికి తాకకముందే కార్బన్ మోనాక్సైడ్ స్పృహ తప్పిస్తుంది. గుల్జార్ హౌజ్ ఇంటి గురించి అగ్నిమాపక శాఖ చెప్పిన కొలతలు ఇవి: లోపలికి పోయే దారి సొరంగంలా 2 మీటర్ల వెడల్పు, పై అంతస్తులకు మెట్లు 1 మీటరు. ఎదురుగా ఒక మనిషి వస్తే పక్కకు ఒదగాల్సినంత. అంత ఇరుకులో ఆక్సిజన్ సిలిండర్ మోసే సిబ్బంది పైకెక్కాలి, వాళ్ల భుజాల మీద మనుషులు కిందికి రావాలి.

ఇది చట్టం చూపులో పడకపోవడానికి కారణముంది. 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం ముందస్తు అనుమతి కావాల్సింది నివాస భవనమైతే 18 మీటర్లు, వాణిజ్య భవనమైతే 15 మీటర్ల ఎత్తు నుంచి. జనం గుమిగూడే హాళ్లకు వేరే నిబంధన ఉంది. రెండంతస్తుల పాత ఇల్లు ఆ గీతకు చాలా కింద ఉంటుంది. ఇరవై అంతస్తుల గచ్చిబౌలి టవర్‌కు రెండు మెట్ల దారులు, నీళ్ల పైపులు, అలారం తప్పనిసరి. కింద దుకాణం, పైన కాపురం ఉండే రెండంతస్తుల ఇంటికి ఆ చట్టం కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఎత్తును బట్టి ప్రమాదాన్ని కొలిచిన చట్టం ఇరుకును కొలవలేదు. నడిబొడ్డు పేటల్లో ఉన్నదంతా ఇరుకే. ఈ విషయంలో సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు, పాతబస్తీ పత్తర్‌గట్టికి మధ్య తేడా వెతికినా దొరకదు. అయినా ఒకటి భయంకరం, ఇంకోటి ప్రశాంతం అనే పేర్లు మాత్రం అలాగే చెలామణి అవుతున్నాయి.

ధూల్‌పేట సంగతి ఇంకో రకం. అది పురానాపూల్‌కు ఉత్తరాన ఉన్నా మాటల్లో పాతబస్తీలోకే నెడతారు. ఒకప్పుడు గుడుంబాకు పేరుమోసింది. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక ఆ బట్టీలు ఆర్పేశారు. తర్వాత గంజాయి పేరొచ్చింది, 2024లో ఎక్సైజ్ శాఖ ప్రత్యేకంగా ఆపరేషనే నడిపింది. మరి నగరంలో మండపాలకెక్కే వినాయక విగ్రహాల్లో ఎన్నో ఆ గల్లీల్లోనే తయారవుతాయి. సంక్రాంతి పతంగులు అక్కడివే. విగ్రహం కొనడానికి కుటుంబ సమేతంగా వెళ్లే జనం ఆ పేటవాడికి ఇల్లు కిరాయికి ఇవ్వమంటే వెనకాడతారు. ఇక్కడ పేరుకు కొంత ఆధారం ఉంది. కానీ పదిళ్లు చేసిన పనికి పేటంతా జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

పేరు మారే ఘడియలు ఇప్పుడు పాతబస్తీకి దగ్గరపడ్డాయి. మెట్రో ఆకుపచ్చ మార్గం 2020 ఫిబ్రవరి 7న ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చి, ఫలక్‌నుమా వెళ్లాల్సింది నది దగ్గరే ఆగిపోయింది. ఆస్తుల సేకరణ, ప్రార్థనా స్థలాలు, రాజకీయాలు అన్నీ కారణాలే. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశాక, చాంద్రాయణగుట్ట దాకా సుమారు 7.5 కిలోమీటర్ల మార్గానికి కదలిక వచ్చింది. దెబ్బతినే ఆస్తులు సుమారు 1,100. గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం ఖరారైంది, 2025 జనవరిలో చెక్కులిచ్చారు. మాటల్లో తీసిపారేసిన నేలకు కాగితం మీద అంత విలువ పలకడం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. అక్కడ వ్యాపారం ఎన్నడూ ఆగలేదు. 2010లో ఫలక్‌నుమా ప్యాలెస్ ఖరీదైన హోటల్‌గా తెరుచుకున్నప్పుడే పర్యాటకులకు ఆ దారి భయం పోయింది. భయం మిగిలింది బంజారాహిల్స్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే తెలుగువాళ్లకే.

స్టేషన్లు తెరిస్తే ఆటో తల ఊపడం తగ్గుతుంది. హైటెక్ సిటీలో పనిచేసే పిల్ల శాలిబండలో అమ్మానాన్నల దగ్గరే ఉండి ఉద్యోగానికి వెళ్లగలుగుతుంది. కిరాయిలూ పెరుగుతాయి. సొంత మల్గీ ఉన్నవాడికి అది లాభం. పగిడీ (కిరాయి హక్కు కోసం ముందే కట్టే మొత్తం) ఇచ్చి తరాలుగా కిరాయికి ఉంటున్నవాడికి పరిహారం చెక్కులో వాటా ఎంతన్నది ఇంటి యజమానితో ఉన్న కాగితాన్ని బట్టి ఉంటుంది. చాలామందికి ఆ కాగితమే లేదు.

ఇంకో మాట. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా రోడ్డు వెడల్పులో చాలా ఇళ్లు పూర్తిగా పోవు, ముందు భాగం మాత్రమే తెగుతుంది. మిగిలిన వెనుక ముక్కకు కొత్త గోడ కట్టి, కింద షట్టర్ బిగించి మళ్లీ దుకాణం తెరుస్తారు. మన పాత ఇళ్లకు మెట్లు సాధారణంగా ముందువైపే ఉంటాయి. అవి తెగితే, మిగిలిన పది పదిహేను గజాల్లో మళ్లీ మెట్లెక్కడో ఒక మూల దూర్చాలి, వాటి కిందనే మీటర్లు బిగించాలి. ఆ ఇల్లు 18 మీటర్ల గీతకు కిందే ఉంటుంది కాబట్టి ఆ మెట్ల వెడల్పు చూడటానికి అగ్నిమాపక శాఖ నుంచి ఎవరూ రావాల్సిన అవసరం లేదు.